ప్రశ్నలు – సమాధానాలు: ఆఫీసు నెట్‌వర్క్ ర్యాక్, కేబుళ్ల అమరిక

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఆఫీసు నెట్‌వర్క్ పరికరాలు బిగించే ర్యాకులు, కంప్యూటర్లను కలిపే ల్యాన్ కేబుళ్ల గురించే ఉన్నాయి. అందువల్ల వాటికి ఒకేచోట సమాధానాలు ఇస్తున్నాం. ఒకే రకం ప్రశ్నలు అడిగిన పాఠకుల ఉత్తరాలను కలిపి ఒక్కటిగా ప్రచురిస్తున్నాం.

ప్రశ్న: గుంటూరులోని మా ఆడిటర్ల ఆఫీసును కొత్త అంతస్తులోకి మారుస్తున్నాం. 40 సీట్లు, 12 కెమెరాలు, 4 వైఫై యాక్సెస్ పాయింట్లు, 2 ప్రింటర్లు, వేలిముద్రల హాజరు యంత్రం ఒకటి ఉంటాయి. ఇంటీరియర్ కాంట్రాక్టరు సీటుకు ఒక ల్యాన్ పాయింటు, గోడకు బిగించే 12 యూ (యూ అంటే ర్యాక్ ఎత్తును కొలిచే ప్రమాణం) ర్యాక్ సరిపోతాయంటున్నారు. ఆయన మాట వినవచ్చునా? ర్యాకులో ఏది పైన, ఏది కింద ఉండాలి?

సమాధానం: ర్యాక్ సైజు కంటే ముందు పాయింట్ల లెక్క తేలాలి. సీటుకు ఒక్క పాయింటు చాలన్న మాట ఈ రోజుకు నిజమే కావచ్చు గాని, ఫాల్స్ సీలింగ్ మూసేసి రంగులు వేశాక ఒక్క కేబుల్ అదనంగా లాగించాలంటే అయ్యే కూలితో పోలిస్తే, ఇప్పుడే అదే పైపులో రెండో కేబుల్ కూడా వేయించడానికి అయ్యే ఖర్చు చాలా తక్కువ. కాబట్టి సీటుకు రెండు చొప్పున 80, మిగతా పరికరాలకు 19, మొత్తం 99 పాయింట్లు అనుకోండి. సీట్ల పాయింట్లకు 24 పోర్టుల ప్యాచ్ ప్యానెళ్లు (గోడలోంచి వచ్చే కేబుళ్లు వచ్చి ముగిసే పట్టీలు) నాలుగు, కెమెరాలు మొదలైనవాటికి విడిగా ఒకటి తీసుకుంటే, సీట్ల వైపు 16, పరికరాల వైపు 5 పోర్టులు ఖాళీగా మిగులుతాయి. యంత్రాలను ఒకదానితో ఒకటి కలిపే స్విచ్ పోర్టుల విషయంలో మాత్రం ఇంత ఉదారంగా ఉండనక్కర్లేదు. 40 కంప్యూటర్లకు 24 పోర్టుల స్విచ్‌లు రెండు, పరికరాలకు కేబుల్ ద్వారానే కరెంటు అందించే పీఓఈ స్విచ్ ఒకటి చాలు. పీఓఈ స్విచ్ కొనేటప్పుడు పోర్టుల సంఖ్య చూసి సరిపెట్టుకోకండి. మొత్తం మీద అది ఎన్ని వాట్లు ఇవ్వగలదో చూడండి. కెమెరాకు 10 వాట్లు, యాక్సెస్ పాయింటుకు 25 వాట్ల చొప్పున వేసుకున్నా మీకు 220 వాట్లు కావాలి.

ఇప్పుడు ర్యాక్ లెక్క. ఒక యూ అంటే 44.45 మిల్లీమీటర్లు, అంటే ఒకటిముప్పావు అంగుళం. ప్యానెళ్లు 5, స్విచ్‌లు 3, కేబుళ్లను వరుసలో పట్టి ఉంచే కేబుల్ మేనేజర్లు 4, ఫైబర్ కేబుల్ కొసలు ఉండే ఫైబర్ ట్రే 1, బయటి దాడులను అడ్డుకునే ఫైర్‌వాల్ 1, ఇంటర్నెట్ సంస్థల వాళ్లు ఇచ్చే డబ్బాలు పెట్టుకునే ట్రేకు 2, కెమెరాల రికార్డరుకు 2, యూపీఎస్‌కు 3 వేసుకుంటే మొత్తం 21 యూలు అవుతాయి. 12 యూ ర్యాక్ సగానికి కాస్త పైన మాత్రమే పనికొస్తుంది. 27 యూ సరిపోతుంది గాని, 42 యూ ర్యాక్ కూడా నేల మీద అంతే స్థలం తీసుకుంటుంది కనుక మా సలహా 42 యూనే. పైగా 27 యూ ర్యాక్ నెత్తిన నెల తిరక్కుండానే ఫైళ్లు, నీళ్ల సీసాలు చేరతాయి. నిలువెత్తు ర్యాక్ మీద ఆ బెడద ఉండదు. అయితే అది దాదాపు 2 మీటర్ల ఎత్తుంటుంది కాబట్టి ఆర్డరు ఇచ్చే ముందు లిఫ్టు లోపలి ఎత్తు, గది గుమ్మం కొలిపించండి.

వెడల్పులో 600 మిల్లీమీటర్లది కాకుండా 800 మిల్లీమీటర్లది తీసుకోండి. పరికరాల వెడల్పు ఎక్కడైనా 19 అంగుళాలే, అంటే 482.6 మిల్లీమీటర్లు, 600 ర్యాకులో చెరో పక్కనా మిగిలేది ఐదారు సెంటీమీటర్లు, అందులోనూ కొంత ఫ్రేమ్‌కే పోతుంది. క్యాట్ 6 రకం ల్యాన్ కేబుల్ సుమారు 6 మిల్లీమీటర్ల లావు ఉంటుంది. అలాంటివి 60 కలిపితే కట్ట మందం అయిదున్నర సెంటీమీటర్లకు చేరుతుంది. ఆ కట్టను ఇరుకులోకి కుక్కితే అది స్విచ్ పక్కనున్న గాలి రంధ్రాలను మూసేస్తుంది. 800 ర్యాకులో నిలువు కేబుల్ మేనేజర్లకు చోటు దొరుకుతుంది. ముందు ఒక మీటరు, వెనక మనిషి నిలబడి పనిచేసేంత ఖాళీ తప్పనిసరి. వెనకవైపు గోడకు ఆనించిన ర్యాకును మొదటి రోజు తర్వాత ఎవరూ సరిగా బాగుచేయలేరు.

అమరిక విషయానికి వస్తే, మీ కేబుళ్లు సీలింగ్ నుంచి దిగుతాయి కనుక ప్యానెళ్లు పై సగంలో ఉండాలి. అన్నిటికన్నా పైన ఫైబర్ ట్రే, ఇంటర్నెట్ డబ్బాల ట్రే, ఫైర్‌వాల్ పెట్టి, వాటి కింద ఒక కేబుల్ మేనేజర్ బిగించండి. దాని కింద రెండు ప్యానెళ్లు, ఒక మేనేజర్, ఒక స్విచ్. మళ్లీ రెండు ప్యానెళ్లు, ఒక మేనేజర్, ఒక స్విచ్. చివరగా పరికరాల ప్యానెల్, మేనేజర్, పీఓఈ స్విచ్ ఒకదాని కింద ఒకటి రావాలి. ప్యానెల్‌కూ స్విచ్‌కూ మధ్య అరడుగు ప్యాచ్ కార్డులు (ప్యానెల్ పోర్టును స్విచ్ పోర్టుకు కలిపే పొట్టి కేబుళ్లు) నిటారుగా దువ్వినట్టు కనిపించే ఫొటోలు చూసి చాలామంది మాకూ అలాగే కావాలంటారు. ప్యానెల్‌లోని ప్రతి పోర్టుకూ స్విచ్‌లో ఒక పోర్టు ఉన్నప్పుడే ఆ పద్ధతి కుదురుతుంది. మీ పరికరాల ప్యానెల్‌కు అది చక్కగా పనిచేస్తుంది. అక్కడ మధ్యలో మేనేజర్ లేకపోయినా నష్టం లేదు. సీట్ల ప్యానెళ్లలో మాత్రం సగం పోర్టులే వాడుకలో ఉంటాయి, పైగా ఏ సగమన్నది మారుతూ ఉంటుంది కాబట్టి, కార్డులు మేనేజర్‌లోంచి పక్కకు వెళ్లి తిరిగి రావలసిందే. బరువైన యూపీఎస్, దాని పైన రికార్డరు అడుగున ఉండాలి. మధ్యలో మిగిలిన ఖాళీలను బ్లాంకింగ్ ప్లేట్లతో మూయించండి.

ఈ అమరిక అంతటికీ ఆధారం ఒక్కటే. గోడలోంచి వచ్చిన కేబుల్‌ను ప్యానెల్ వెనక పంచ్ చేశాక (తీగలను గాడుల్లోకి నొక్కి బిగించాక) అది మళ్లీ కదలకూడదు. కదిలేది ముందువైపు ప్యాచ్ కార్డు మాత్రమే. గోడలో వేసే కేబుల్‌లో ఒక్కో తీగా ఒకే గట్టి రాగి పోగు కాబట్టి పదేపదే వంచితే లోపలే విరుగుతుంది. ప్యాచ్ కార్డులో సన్నని పోగులు అల్లి ఉంటాయి కనుక అది వంపులకు తట్టుకుంటుంది. ప్రమాణాలు కూడా ఈ విభజననే పాటిస్తాయి: ప్యానెల్ నుంచి గోడ సాకెట్ దాకా 90 మీటర్లు, రెండు చివర్ల ప్యాచ్ కార్డులకు కలిపి 10 మీటర్లు, మొత్తం 100 మీటర్లు మించరాదు. కేబుల్ లాగేటప్పుడు 11 కిలోల బరువుకు మించిన బలం వాడకూడదు. వంపు వ్యాసార్ధం కేబుల్ మందానికి నాలుగు రెట్లకు, అంటే రెండున్నర సెంటీమీటర్లకు తగ్గకూడదు. కట్టలకు ప్లాస్టిక్ టైలు బిగించి లాగితే లోపలి జతల మెలికలు నలుగుతాయి. వెల్క్రో పట్టీలు కాస్త ఖరీదైనా వాటినే వాడించండి. అదనపు పొడవును చుట్టలు చుట్టి ర్యాకులో కుక్కకుండా సీలింగ్ ట్రే మీద వదులుగా ఉంచమనండి.

లేబుళ్లను పైపులోకి కేబుల్ దూర్చకముందే రెండు చివర్లా అంటించాలి. ప్యానెల్‌కు ఒక అక్షరం, పోర్టుకు ఒక సంఖ్య ఇచ్చి, బి-17 అని ప్యానెల్ మీదా, సీటు దగ్గరి ఫేస్ ప్లేట్ మీదా ఒకేలా రాయించండి. ఉద్యోగుల పేర్లు మాత్రం వద్దు. ఆడిటింగ్ సీజన్ ముగిసేసరికి సగం మంది సీట్లు మారిపోతారు.

ప్రశ్న: హనుమకొండలోని మా డయాగ్నస్టిక్ కేంద్రంలో గోడ ర్యాకు తలుపు మూతపడనంతగా కేబుళ్లు చిక్కుపడి ఉన్నాయి. ప్యాచ్ ప్యానెల్ లేదు. అన్నీ నేరుగా స్విచ్‌లకు క్రింప్ చేసినవే (కొసకు ప్లగ్గు నొక్కి బిగించి తగిలించినవే). మాకు ఆదివారం మధ్యాహ్నం తప్ప సెలవు లేదు. పని ఆగకుండా దీన్ని సరిచేయడం ఎలా?

సమాధానం: ఆదివారం చేయవలసిన పనిలో ముప్పాతిక భాగం మామూలు రోజుల్లోనే, ఒక్క కేబుల్ కూడా కదపకుండా పూర్తి చేయవచ్చు. మీ స్విచ్‌లు మేనేజ్డ్ (సెట్టింగులు చూసి మార్చుకోగలిగే) రకమైతే ఏ పోర్టులో ఏ యంత్రం ఉందో మ్యాక్ అడ్రస్ (ఒక్కో యంత్రానికి ఉండే గుర్తింపు సంఖ్య) పట్టిక చెబుతుంది. కాకపోతే టోన్ వినిపించే ట్రేసర్ పరికరంతో ఒక్కో కేబుల్ కొస ఎక్కడుందో కనిపెట్టవలసి ఉంటుంది. స్విచ్, పోర్టు, వీల్యాన్ (ఒకే స్విచ్‌లో విడదీసిన నెట్‌వర్క్ భాగం), గది, యంత్రం అన్న వరుసలో ఒక పట్టిక తయారు చేసి, ఆ సంఖ్యలనే కేబుళ్ల రెండు కొసలకూ అంటించండి. వీల్యాన్ గడిని వదిలేయకండి. రిసెప్షన్ పోర్టులో ఉండవలసిన కేబుల్‌ను ఎనలైజర్ పోర్టులో పెడితే లైటు వెలుగుతుంది, యంత్రం మాత్రం సర్వరుకు రిపోర్టు పంపదు. అది కేబుల్ లోపమనుకుని గంటలు వృథా చేసుకుంటారు. స్విచ్‌ల సెట్టింగుల బ్యాకప్, ర్యాక్ ముందు వెనకల ఫొటోలు కూడా ముందే తీసుకోండి.

ఆదివారం ఒకేసారి అన్నీ ఊడదీయకుండా ఒక స్విచ్ తర్వాత మరొకటి పట్టుకోండి. కేబుల్ కొసనున్న ప్లగ్గును కత్తిరించి, ప్యానెల్ వెనక పంచ్ చేసి, ముందునుంచి ప్యాచ్ కార్డు తగిలించి, ఆ గదిలో యంత్రం పనిచేస్తోందని చూశాకే తర్వాతి దానికి వెళ్లాలి. ల్యాబ్ యంత్రాలతో మొదలుపెడితే, ఏదైనా తేడా వచ్చినా చక్కదిద్దుకోవడానికి సాయంత్రం దాకా వ్యవధి ఉంటుంది. కొన్ని కేబుళ్లు కొత్త ప్యానెల్ దాకా అందకపోవచ్చు. అప్పుడు సీలింగ్‌లో జాయింట్లు వేయించే బదులు, ర్యాకునే కేబుళ్లు అందే చోటికి జరపడం మేలు.

ఇలాంటి పనిలో తరచుగా జరిగే ప్రమాదం ఒకటుంది. తొందరలో ఒకే కార్డు రెండు కొసలనూ ఒకే స్విచ్‌లో గుచ్చేస్తారు. పంపిన సందేశమే చక్రంలా తిరిగి తిరిగి మొత్తం నెట్‌వర్క్ స్తంభిస్తుంది. స్పానింగ్ ట్రీ లేదా లూప్ రక్షణ అనే సెట్టింగు ఆన్‌లో ఉంటే స్విచ్ ఆ పోర్టును తానే మూసేస్తుంది కనుక, పని మొదలుపెట్టే ముందే దాన్ని సరిచూసుకోండి. వాడుకలో లేని కేబుళ్లు బయటపడితే రెండు కొసలూ తీసేయించండి. ప్యాచ్ కార్డులన్నీ రెండు మీటర్లవే కొంటే చిక్కు మళ్లీ మొదటికొస్తుంది. అరమీటరు, మీటరు పొడవులు కొలుచుకుని తెప్పించండి. కెమెరాలకు ఒకటి, యంత్రాలకు ఒకటి, మిగతావాటికి ఒకటి చొప్పున మూడు రంగులకు మించి పెట్టుకోకండి. అయిదారు రంగుల పద్ధతి, దుకాణంలో ఒక రంగు దొరకని రోజు నుంచే గాడి తప్పుతుంది.

ప్రశ్న: కాకినాడలోని మా ఎగుమతుల ఆఫీసులో ఆరు కంప్యూటర్లు మాత్రం 100 ఎంబీపీఎస్ దగ్గరే ఆగిపోతున్నాయి; మిగతావి గిగాబిట్ (1000 ఎంబీపీఎస్) చూపిస్తున్నాయి. ఎలక్ట్రీషియన్ ల్యాన్ కేబుళ్లను కరెంటు తీగలున్న కేసింగ్‌లోనే వేశారు. కరెంటు ప్రభావమే కారణమా? కేబులింగ్ చేసినతను మాత్రం టెస్టరులో ఒకటి నుంచి ఎనిమిది దాకా లైట్లు వెలిగించి చూపించి, అంతా సరిగానే ఉందంటున్నారు.

సమాధానం: ఒకే కేసింగ్‌లో వేయడం తప్పే గాని, మీ ఆరు కంప్యూటర్ల సమస్యకు అది కారణం కాకపోవచ్చు. కరెంటు తీగల ప్రభావం మీద మోపే నేరాల్లో చాలా భాగం నిజానికి సరిగా క్రింప్ చేయని ప్లగ్గులవే. 100 ఎంబీపీఎస్‌కు 1-2, 3-6 పిన్నుల మీది రెండు జతలు చాలు. గిగాబిట్‌కు నాలుగు జతలూ కావాలి. సరిగ్గా 100 దగ్గర లింకు నిలబడుతోందంటే, 4-5 లేదా 7-8 జతలో ఏదో తీగ ప్లగ్గులో అందడం లేదని మొదట అనుమానించాలి. ముందు ప్యాచ్ కార్డు మార్చి చూడండి. ఆపైన రెండు కొసలూ మళ్లీ పంచ్ చేయించండి.

టెస్టరు లైట్ల గురించి ఒక మాట. ఒకటో పిన్ను అవతల ఒకటో పిన్నుకు చేరిందా అని మాత్రమే అది చూస్తుంది. ఏ తీగ ఏ తీగతో మెలి తిరిగి ఉందో దానికి తెలియదు. నారింజ, ఆకుపచ్చ, నీలం, గోధుమ జతలను ఉన్నవి ఉన్నట్టు పక్కపక్కనే వరుసగా పేర్చి రెండు కొసలా అలాగే క్రింప్ చేసినా లైట్లన్నీ వెలుగుతాయి. కాని అప్పుడు 3, 6 పిన్నులకు వెళ్లే తీగలు వేర్వేరు జతలవి అవుతాయి కనుక, మెలిక వల్ల రావలసిన రక్షణ పోయి, వేగం పెరిగిన కొద్దీ తప్పులు దొర్లుతాయి. సరైన బి వరుస (టీ568బి ప్రమాణం) ఇది: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. నీలం జత ఆకుపచ్చ జత మధ్యలో దూరడమే ఇందులో గుర్తుంచుకోవలసిన విషయం. మెలిక విప్పే పొడవు కొస దగ్గర 13 మిల్లీమీటర్లు మించకూడదు. జతల మధ్య క్రాస్‌టాక్ (ఒక జత సిగ్నల్ మరో జతలోకి చేరడం) కొలిచే టెస్టరుతో ప్రతి పాయింటుకూ రిపోర్టు ఇవ్వాలని పని అప్పగించేటప్పుడే రాయించుకుంటే, ఇలాంటి వాదన రాదు.

ఇక కేసింగ్ సంగతి. ల్యాన్ కేబుల్ తొడుగు 230 వోల్టుల తీగ పక్కన పడుకోవడానికి తయారైనది కాదు. ఎలుక కొరికినా, మేకు దిగినా ఆ వోల్టేజీ నేరుగా మీ స్విచ్‌లోకి, దాన్ని ముట్టుకున్న చేతిలోకి వస్తుంది. వేరే కేసింగ్ వేయించడం మొదట ప్రాణరక్షణ కోసం, ఆ తర్వాతే సిగ్నల్ కోసం. రెండూ సమాంతరంగా పోయేచోట అడుగు ఎడం ఉంచి, దాటవలసిన చోట లంబంగా దాటించండి.

ప్రశ్న: నిజామాబాద్ మార్కెట్లో క్యాట్ 6 పెట్టె 305 మీటర్లది ఒక దుకాణంలో సగం ధరకే ఇస్తున్నారు. తీసుకోవచ్చునా?

సమాధానం: అది చాలావరకు అల్యూమినియం తీగకు రాగి పూత పూసిన కేబులే అయి ఉంటుంది; పెట్టె మీద సీసీఏ అని ఎక్కడో చిన్న అక్షరాల్లో ఉంటుంది, ఒక్కోసారి అదీ ఉండదు. ప్రమాణాలు పూర్తి రాగినే కోరతాయి కాబట్టి, పైన క్యాట్ 6 అని అచ్చువేసినంత మాత్రాన అది క్యాట్ 6 కాదు. బ్లేడుతో ఒక తీగను గీకి చూస్తే లోపల వెండి రంగు బయటపడుతుంది. ఇంకా నమ్మకమైన పరీక్ష కావాలంటే 100 మీటర్ల ముక్కలో ఒక జత తీగలు రెండింటినీ ఒక కొసన కలిపి, రెండో కొసన మల్టీమీటరు పెట్టండి. ప్రమాణం ప్రకారం 18.76 ఓమ్‌లు దాటకూడదు. మంచి రాగి క్యాట్ 6 కేబుల్ అంతకంటే బాగా తక్కువే చూపిస్తుంది, పూత కేబుల్ 20 దాటుతుంది. నిరోధం ఎక్కువైన కేబుల్‌లో పీఓఈ కరెంటు పంపితే తీగ వేడెక్కుతుంది, దూరాన ఉన్న కెమెరా రాత్రి ఇన్‌ఫ్రారెడ్ దీపాలు వెలగగానే రీస్టార్ట్ అవుతుంది. పెట్టెకు మిగిలిన డబ్బు కంటే కూలీ ఖర్చే ఎక్కువ కనుక ఈ పొదుపు వద్దు. అంతకంటే పై రకమైన క్యాట్ 6ఏ మాత్రం అందరికీ అవసరం లేదు. 55 మీటర్లు దాటి 10 గిగాబిట్ నడపవలసిన చోట్లకే అది చాలు.

ప్రశ్న: ఒంగోలులోని మా ఆఫీసు ర్యాక్ తలుపు ముట్టుకుంటే వేళ్లు జివ్వుమంటున్నాయి. షార్ట్ సర్క్యూట్ ఏమీ లేదని ఎలక్ట్రీషియన్ అంటున్నారు.

సమాధానం: ఆయన అన్నది నిజమే అయి ఉండవచ్చు, అయినా ఊరుకోదగ్గ విషయం కాదు. స్విచ్‌ల పవర్ సప్లైలో ఫేజ్ నుంచీ, న్యూట్రల్ నుంచీ లోహపు పెట్టెకు చిన్న ఫిల్టర్ కెపాసిటర్లు ఉంటాయి. వాటిలోంచి వచ్చే స్వల్ప కరెంటు ఎర్త్‌లోకి పోవాలి. ఎర్త్ లేకపోతే పెట్టె దాదాపు సగం వోల్టేజీకి, అంటే 115 వోల్టుల దాకా చేరుతుంది. కరెంటు స్వల్పమే కాబట్టి ఇప్పుడు జివ్వుమంటోంది. రేపు నిజంగా లీకేజీ వస్తే దాన్ని ఆపే దారి కూడా లేనట్టే. ప్లగ్గుల మూడో పిన్నుకు ఎర్త్ నిజంగా అందుతోందా అని పరీక్ష చేయించి, ర్యాక్ ఫ్రేమ్‌లోని ఎర్త్ బోల్టు నుంచి ఆకుపచ్చ-పసుపు తీగ భవనం ఎర్త్ బార్ దాకా వేయించండి. తలుపులకు, పక్క ప్యానెళ్లకు విడి తీగలు కావాలి. రంగు వేసిన కీలు ఎర్త్‌ను నమ్మకంగా మోయదు.

ప్రశ్న: రామగుండంలో మా ర్యాక్ కిటికీ లేని స్టోరు గదిలో ఉంది. పగలు ఏసీ వేస్తాం, సాయంత్రం ఆరింటికి ఆపేస్తాం. వేసవిలో స్విచ్‌లు వాటంతటవే ఆగిపోతున్నాయి. యూపీఎస్ బ్యాటరీలు రెండేళ్లకే పోతున్నాయి.

సమాధానం: ఏసీ ఆగాక కూడా కెమెరాలు, రికార్డరు, వాటికి కరెంటు ఇచ్చే పీఓఈ స్విచ్ రాత్రంతా పనిచేస్తూనే ఉంటాయి, వాటి వేడి మూసిన గదిలోనే పోగవుతుంది. ఇలాంటి పరికరాలకు 18 నుంచి 27 డిగ్రీల మధ్య ఉష్ణోగ్రతను సిఫారసు చేస్తారు. చాలా ఆఫీసు స్విచ్‌లు 40, 45 డిగ్రీల దాకా పనిచేసేలా తయారవుతాయి గాని, ఆ లెక్క స్విచ్ పీల్చుకునే గాలిది, గది గోడకున్న థర్మామీటరుది కాదు. ర్యాకు లోపల పై భాగంలో ఒక థర్మామీటరు పెట్టి రాత్రి పదింటికి చూడండి. ముందు తలుపు గాజుదైతే జల్లెడ తలుపుగా మార్పించండి. ర్యాక్ పైనున్న ఫ్యాన్లు గాలిని బయటికే తోస్తున్నాయా అని అగ్గిపుల్ల పొగతో కాక, పలుచటి కాగితం ముక్క పెట్టి చూడండి. తిరగేసి బిగించినవి తరచుగా కనిపిస్తాయి. గోడకు ఎగ్జాస్ట్ ఫ్యాను, తలుపు కింద గాలి వచ్చే జాలీ పెట్టిస్తే రాత్రులకు చాలావరకు సరిపోతుంది. మీ వేసవిలో మే నెల మాత్రం ఏసీ రాత్రి కూడా నడపవలసి రావచ్చు. అప్పుడు ఇండోర్ యూనిట్ నేరుగా ర్యాక్ నెత్తిన ఉండకుండా జరిపించండి. దాని డ్రెయిన్ పైపు మూసుకుపోయిన రోజున నీళ్లు పడేది స్విచ్‌ల మీదే.

బ్యాటరీల సంగతి ఇంతకంటే సూటిగా ఉంటుంది. సీసం-ఆమ్లం బ్యాటరీలకు 25 డిగ్రీల పైన ప్రతి 10 డిగ్రీలకూ ఆయుర్దాయం సుమారు సగమవుతుందన్నది ఆ రంగంలో అందరూ పాటించే లెక్క. మీ గది రాత్రుళ్లు 35 దాటుతూ ఉంటే, నాలుగేళ్లు రావలసినవి రెండేళ్లకే పోవడం బ్యాటరీ తయారీ లోపం కాదు. విడి బ్యాటరీ బ్యాంకు ఉన్న యూపీఎస్ అయితే, బ్యాటరీలను ర్యాకులోంచి తీసి గాలి ఆడే వరండా గదిలోనో, రోజంతా ఏసీ ఉండే హాల్లో ఒక మూలనో స్టాండు మీద పెట్టించి, యూపీఎస్ దాకా డీసీ కేబుళ్లను తగిన మందంతో వేయించండి. మధ్యలో డీసీ బ్రేకర్ తప్పక ఉండాలి. బ్యాటరీలు లోపలే ఉండే రకమైతే, కనీసం ఈ వేసవికి ముందే యూపీఎస్‌ను ర్యాక్ అడుగుకు దించి, దాని మీదున్న యూ ఖాళీగా వదిలేయండి.